మాటకు కొలత: విశాఖ వాతావరణ బులెటిన్ పనితనం

"ఉత్తర కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది." విశాఖలో ఈ మాట చెవినపడని వానాకాలం లేదు. ఆ రోజు జగదాంబ సెంటర్‌లో ఎండ కాసిందా, ఇక వాతావరణ శాఖ మీద జోకులే జోకులు. నిజానికి జగదాంబలో వాన పడుతుందని ఆ వాక్యం చెప్పనే లేదు. అందులో మూడు ముక్కలున్నాయి, మూడింటి వెనకా మూడు లెక్కలున్నాయి. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా. భారీ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా. అవకాశం ఉంది అంటే, భారత వాతావరణ శాఖ పెట్టుకున్న కొలబద్ద ప్రకారం, నూటికి 25 నుంచి 50 పాళ్లు. మూడూ కలిపి చదివితే తేలేది ఇది: ఉత్తర కోస్తాలో ఏ కొద్ది చోట్లో ఏడు సెంటీమీటర్లో ఆపైనో పడొచ్చు, పడకపోవడానికే మొగ్గు కాస్త ఎక్కువ, పడితే మాత్రం గెడ్డలు పొంగుతాయి కాబట్టి ముందే చెబుతున్నాం.

ఎంత తెలుసో అంతే చెప్పడం, తెలియనిదాన్ని కూడా కొలిచి చెప్పడం చాలా అరుదైన విద్య. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చేపల రేవు, వెనక కొండలు, ముందు సముద్రం ఉన్న ఊరికి వారం ముందుగా వాతావరణం చెప్పాలంటే ఆ విద్య లేకుండా కుదరదు. ఆ పనితనాన్ని కాస్త దగ్గరగా చూడటానికే ఈ పరిచయం.

వాక్యం లోపలి అంకెలు

వానకు బులెటిన్‌లో మెట్లున్నాయి. 2.5 మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా తేలికపాటి వర్షం. అక్కణ్నుంచి 64.4 దాకా మోస్తరు. ఆపైన 115.5 దాకా భారీ, 204.4 దాకా అతిభారీ, అదీ దాటితే అత్యంత భారీ. వాన ఎంత మేర పడుతుందన్నదానికి వేరే మెట్లు. కేంద్రాల్లో పావు వంతు దాకా ఒకటి రెండు చోట్ల, సగం దాకా కొన్ని చోట్ల, ముప్పావు దాకా అనేక చోట్ల, ఆపైన దాదాపు అంతటా. ఎంత నమ్మకంగా చెబుతున్నారన్నదానికి మూడో నిచ్చెన ఉంది. పావు వంతు లోపు నమ్మకముంటే ఆ మాటే ఎత్తరు. సగం దాటితే ఒక పదం, ముప్పావు దాటితే ఇంకో పదం. ఒకే వాక్యంలో ఈ మూడు నిచ్చెనల మీదా సరైన మెట్టు మీద కాలుపెట్టాలి. ఒక్క పదం అటూ ఇటూ అయితే వేల మంది ఇళ్లు ఖాళీ చేయాల్సి రావచ్చు, లేదా చేయాల్సినవాళ్లు చేయకుండా ఉండిపోవచ్చు.

వాన లెక్క తేదీలోనూ ఒక మెలిక ఉంది. వర్షమాపకంలో నీళ్లను పొద్దున 8:30కి కొలుస్తారు. అప్పటిదాకా గడిచిన 24 గంటల వానంతా ఆ రోజు ఖాతాలోకే వెళుతుంది. నిన్న సాయంత్రం ఎంవీపీ కాలనీలో మోకాలి లోతు నీళ్లు నిలిపిన వాన రికార్డుల్లో ఇవాళ్టి తేదీన కనిపిస్తుంది. ఇది తెలియకపోతే వాన పడిన రోజున సున్నా చూపించారని శాఖను తిట్టుకుంటాం.

దాటేసే పేరా

బులెటిన్ మొదటి పేరాను చదివేవాళ్లు తక్కువ. వానాకాలంలో దాని వాలకం ఇలా ఉంటుంది: వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది, దానికి అనుబంధంగా ఉన్న ఉపరితల ఆవర్తనం సగటు సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది. పేపర్లు దీన్ని మక్కీకి మక్కీ అచ్చేస్తాయి, మనం కింది పేరాకి దూకేస్తాం. పనంతా జరిగేది మాత్రం ఇక్కడే.

ఆ 5.8 కిలోమీటర్లు ఉజ్జాయింపుగా వేసిన అంకె కాదు. బులెటిన్లలో 1.5, 3.1, 5.8 అనే ఎత్తులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. గాలి పీడనం 850, 700, 500 హెక్టాపాస్కల్‌లకు తగ్గే ఎత్తులివి. ప్రపంచంలో ఏ వాతావరణ కేంద్రమైనా ఈ మట్టాల దగ్గరే గాలిని కొలిచి పటం గీస్తుంది. 5.8 దగ్గరికి వచ్చేసరికి భూమ్మీది గాలి బరువులో దాదాపు సగం కిందే ఉండిపోతుంది. సుడి 1.5 దగ్గర ఆగిపోయిందంటే అది ఇంకా లేతది. 5.8 దాకా లేచిందంటే వేళ్లూనుకుందని, తేమను బాగా పైకి తోడుతోందని అర్థం.

వంగి ఉండటం ఇంకా ముఖ్యం. నైరుతి రుతుపవనాల కాలంలో ఒడిశా తీరం దగ్గర ఏర్పడే అల్పపీడనాలు, వాయుగుండాలు నిట్టనిలువుగా ఉండవు, పైకి వెళ్లేకొద్దీ నైరుతి వైపు వాలతాయి. జడివాన కేంద్రంలో కంటే ఆ నైరుతి పక్కనే ఎక్కువ. పటంలో చూస్తే ఒడిశా తీరానికి నైరుతిలో ఉన్నవి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ. అల్పపీడనం ఎక్కడో పూరీ దగ్గరుంటే ఇక్కడ నాగావళి ఎందుకు పొంగుతోందన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క ముక్కలో ఉంది. ఒక వాక్యంలో సుడి ఎంత బలమైందో, వాన ఎటు పడుతుందో రెండూ చెప్పేశారు.

బెలూన్, రాడార్, రెండు థర్మామీటర్లు

విశాఖలో ఈ పని జరిగే చోటు కిర్లంపూడి లేఅవుట్‌లోని తుపాను హెచ్చరికల కేంద్రం. 1974 నుంచి ఉంది. రాష్ట్రం మొత్తానికి రోజువారీ బులెటిన్ ఇప్పుడు అమరావతి కేంద్రం నుంచి వస్తుంది కానీ, కోస్తాకు తుపాను కబురు చెప్పే బాధ్యత విశాఖదే. అంతకు ముందే, 1970లో, దేశంలో తుపాన్లను కనిపెట్టే తొలి ఎస్-బ్యాండ్ రాడార్‌ను ఈ ఊళ్లోనే పెట్టారు. దాని తర్వాతి తరం డాప్లర్ రాడార్ ఇప్పుడు కైలాసగిరి మీద ఉంది. వాన చినుకులు ఎక్కడున్నాయన్నదే కాదు, అవి రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది కూడా అది చెబుతుంది. దానికీ ఒక పరిమితి ఉంది. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి వంగి ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ కిరణం మేఘం నడుమునో తలనో తాకుతుంది తప్ప పాదాలను చూడలేదు. ఆ లోటును ఇన్సాట్ ఉపగ్రహాల చిత్రాలతో, తీరం పొడవునా ఉన్న కేంద్రాల కొలతలతో పూడ్చుకుంటారు.

వాల్తేరు నుంచి పైగాలిని కొలిచే బెలూన్ కూడా ఎగురుతుంది. ప్రపంచమంతటా ఈ బెలూన్లకు ఒకే వేళ, మన గడియారంలో పొద్దున 5:30, సాయంత్రం 5:30. కింద వేలాడే చిన్న పెట్టె పైకి పోతూ వేడి, తేమ, పీడనం, గాలి వివరాలు పంపుతూనే ఉంటుంది. ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి బెలూన్ పగిలిపోతుంది. బులెటిన్ మొదటి పేరాలోని 5.8 కిలోమీటర్ల మాటకు ఆధారం ఇదే.

ఈ ఊరికి గాలిని కొలిచి రాసుకునే అలవాటు కొత్తేమీ కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు ఇక్కడ సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డాబా గార్డెన్స్‌లో దాన్ని నిలబెట్టి, నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ నమోదు చేయించారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంటే శాఖ కంటే 35 ఏళ్ల ముందే విశాఖలో ఈ పనికి పునాది పడింది.

విశాఖకు ఒక్క ఉష్ణోగ్రత సరిపోదు. వాల్తేరులో ఒక కేంద్రం ఉంది, సముద్రం పక్కనే. విమానాశ్రయంలో ఇంకొకటి, కొండల మధ్య పల్లంలో. మే నెల మధ్యాహ్నం రెండింటికీ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. తేడా తెచ్చేది సముద్రపు గాలి. అది పదకొండింటికే ఒడ్డుకెక్కితే వాల్తేరు బతికిపోతుంది. కనుమల వైపు నుంచి పడమటి గాలి గట్టిగా వీచి దాన్ని మధ్యాహ్నం దాకా ఆపిందంటే బీచ్ రోడ్డు కూడా కొలిమే. కాబట్టి రేపటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంత అన్న ప్రశ్నకు అసలు అర్థం రేపు సముద్రపు గాలి ఎన్నింటికి తిరుగుతుంది అనే. వడగాలి నిర్ణయంలోనూ తీరానికి వేరే కొలత ఉంది. మైదానంలో కనీసం 40 డిగ్రీలు తాకితేనే ఆ లెక్క మొదలవుతుంది. తీరంలో 37 చాలు, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అంటారు. తీరంలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, 37 డిగ్రీలే ప్రాణం తోడేస్తుంది. ఆ సంగతి తెలిసి పెట్టిన అంకె అది.

ఏడు రోజులు

ఇప్పుడు ఊరూరికీ ఏడు రోజుల పట్టిక దొరుకుతుంది. భీమిలికైనా పలాసకైనా ప్రతి చిన్న ఊళ్లో వాతావరణ కేంద్రం ఉండదు. కంప్యూటర్ మోడల్ భూమినంతటినీ గళ్లుగా కోసి, ఒక్కో గడికి లెక్క కడుతుంది. 2025 మేలో దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి పొడవు ఆరు కిలోమీటర్లు. గడి ఎంత చిన్నదైనా అరకు లోయా, దాని పక్కన నిలువుగా లేచిన కొండా ఒకే గడిలో పడొచ్చు. తీరం మీది గడిలో సగం నేల, సగం నీళ్లు. అక్కడ మోడల్ చెప్పిన అంకెను ఈ ప్రాంతం గురించి తెలిసిన మనిషి సరిదిద్దాలి.

పట్టికలోని ఏడు రోజుల గళ్లను వరసగా చదివితే చేతి నేర్పు తెలుస్తుంది. మొదటి రోజు గడిలో పగలు, సాయంత్రం, ఈదురుగాలి వేగం, ఏ జిల్లాకు ఏ రంగు హెచ్చరిక అన్నీ విడివిడిగా ఉంటాయి. మూడో రోజుకు జిల్లాలు కలిసిపోతాయి. ఐదో రోజుకు మాట మెత్తబడుతుంది. ఆరు, ఏడు రోజుల ఉష్ణోగ్రతలు ఆ వారానికి ఏటా ఉండే మామూలు అంకెల దగ్గరికి చేరుకుంటాయి. ఎదిగే పిల్లాడి లాగుకు దర్జీ లోపల మడత వదిలినట్టు, రోజు దూరమయ్యేకొద్దీ మాటలో వదులు పెంచుకుంటూ పోతారు. చేతగాక కాదు, లెక్క తెలిసి. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించినట్టు, మొదట్లో ఉన్న రవ్వంత తేడా రోజురోజుకీ పెరిగి, రెండు వారాలయ్యేసరికి అంచనా మొత్తాన్ని మింగేస్తుంది. అందుకే మోడల్‌ను ఒక్కసారి నడిపి ఊరుకోరు. ఆరంభపు అంకెల్ని కొద్దికొద్దిగా మారుస్తూ పదేపదే నడుపుతారు. అన్ని జవాబులూ ఒక్కచోట చేరితే గట్టిగా చెబుతారు, చెల్లాచెదురైతే మాట తగ్గిస్తారు.

ఈ పట్టికను ఎవరి అవసరం కొద్దీ వాళ్లు చదువుతారు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు సరంగు రోజుల తరబడి వేటకు పోతాడు. రేపటి వానతో అతనికి పనిలేదు, ఐదో రోజు గాలి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు వీస్తుందా లేదా అన్నదే కావాలి. పోర్టులో క్రేన్ నడిపేవాళ్లకు గాలి సగటు వేగం కంటే మధ్యమధ్య విసిరికొట్టే విసురు ముఖ్యం, అందుకే బులెటిన్‌లో రెండు అంకెలూ ఉంటాయి. అనకాపల్లి వైపు రైతుకు కావాల్సింది కోతకు మూడు పొడి రోజులు. ఉక్కు కర్మాగారానికి గాలివానతో పాటు కరెంటు తీగల భయం కూడా ఉంది. కరెంటు పోతే కరిగిన ఇనుము ఎక్కడిదక్కడ గడ్డకడుతుంది.

ఎడమా, కుడీ

విశాఖ లాంటి రేవులో వాతావరణ శాఖ పనితనం బాగా కనిపించేది ప్రమాద సూచికల్లో. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. పగలు స్తంభం మీద శంకువులు, స్తూపాకారాలు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. టీవీలో మూడో నంబరు ఎగరేశారు, ఏడో నంబరు ఎగరేశారు అంటుంటే అంకె పెరిగితే ప్రమాదం పెరిగిందనుకుంటాం. అది సగం నిజమే. 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న గాలివాన గురించి. 3, 4 రేవుకే ముప్పు వచ్చే సూచన. 5, 6, 7 తుపాను. 8, 9, 10 తీవ్ర తుపాను. 5, 6 మధ్య తుపాను బలంలో తేడా లేదు. ఉన్న తేడా పక్కలో. తుపాను దారికి రేవు ఎడమవైపు పడితే 5, కుడివైపు పడితే 6, తుపాను రేవు మీదుగానే పోతే 7. అలాగే 8, 9, 10. పదకొండో నంబరు మరీ విడ్డూరం. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది. కబురు అందడం లేదన్నది కూడా కబురే.

ఈ ఎడమ కుడుల పట్టింపు ఎందుకంటే, బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. తుపాను వాయవ్యంగా వచ్చి కళింగపట్నం దగ్గర తీరం దాటిందనుకోండి. విశాఖ దాని దారికి ఎడమపక్క, గాలి నేల నుంచి సముద్రంలోకి. కాకినాడ దగ్గర దాటితే విశాఖ కుడిపక్క, గాలి సముద్రం నుంచి నేల మీదికి. నీళ్లను ఒడ్డు మీదికి తోసేదీ, ఓడలను రాళ్ల మీదికి నెట్టేదీ ఈ రెండోదే.

2020 అక్టోబరు 13న ఊరంతా ఇది కళ్లారా చూసింది. ఆ పొద్దున తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. విశాఖ కుడిపక్కన ఉంది. బయట లంగరేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎం.వి. మా ఆ గాలికి నిలవలేక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద కూర్చుంది. అది తుపాను కూడా కాదు. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను, పేరు పెట్టేదీ అప్పుడే. పేరు లేని గాలి, కుడిపక్క కావడం వల్ల, అంత పని చేసింది. బలంతో పాటు పక్కను కూడా నంబరులోకి ఎక్కించినవాళ్లు ఎంత ముందుచూపుతో ఆలోచించారో ఆ ఓడ చూపించింది.

హుద్‌హుద్ వాక్యం సన్నబడిన తీరు

2014 అక్టోబరు 7న అండమాన్ సముద్రంలో వాయుగుండం. మర్నాడు తుపానై అండమాన్ దీవులు దాటింది. హుద్‌హుద్ అన్న పేరు ఒమన్ ఇచ్చింది. మొదటి బులెటిన్లలో తీరం దాటే చోటు విశాఖ, గోపాలపూర్ మధ్య. రెండు వందల కిలోమీటర్లు దాటిన తీరమది. ఒక్కో బులెటిన్‌కూ మధ్యలోని నిడివి తగ్గుతూ వచ్చి చివరికి విశాఖ సమీపంలో అన్నచోట ఆగింది. 12వ తేదీ మధ్యాహ్నం, గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలితో, హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. కరెంటు వ్యవస్థ కుప్పకూలి ఉక్కు కర్మాగారం ఆగిపోయింది. సరిగ్గా ఏడాది ముందు, అదే అక్టోబరు 12న, ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మొదటి బులెటిన్ల వాక్యానికి రెండు కొసలుగా నిలిచిన ఊళ్లు రెండూ ఏడాది తేడాతో ఒకే తేదీన దెబ్బ తిన్నాయి.

మొదటి రోజే విశాఖ అని ఉంటే, తీరా పక్కకు తప్పుకుంటే, ఆ తర్వాత ఎవరూ నమ్మరు. చివరిదాకా మధ్య అంటూ ఉంటే ఎవరూ కదలరు. తెలిసేకొద్దీ తగ్గించుకుంటూ రావడమే ఈ విద్యలో కష్టమైన భాగం. దీనికీ ఒక క్రమం ఉంది. 72 గంటల ముందు ముందస్తు నిఘా, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందన్న సూచన. ఈ నాలుగో దశ ఎందుకు కావాలో హుద్‌హుదే చెప్పింది. తీరం దాటి, బలహీనపడి, ఉత్తరానికి పోయిపోయి, రెండు రోజుల తర్వాత దాని తేమ నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల మీద మంచుతుపానై ట్రెక్కర్ల ప్రాణాలు తీసింది.

మెప్పు, ఒక కోరిక

ఈ పనిలో లోపాలు లేకపోలేదు. తెలుగు బులెటిన్ ఇప్పటికీ బిగుసుకుపోయిన తెలుగులోనే వస్తుంది. దిగువ ట్రోపో ఆవరణములో ఆగ్నేయ గాలులు అనే బదులు, కింది మట్టంలో సముద్రం వైపు నుంచి తేమగాలి వస్తోందంటే జాలరిపేటలో అందరికీ అర్థమవుతుంది. నమ్మకానికి వేసుకున్న మూడు మెట్లూ పేపర్లకీ టీవీకీ చేరేసరికి వానలు పడతాయి అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. కష్టపడి కొలిచిన తేడాను దారిలో పారబోస్తున్నారు. రంగుల పద్ధతి ఈ లోటును కొంత తీరుస్తోంది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. రంగు వేసేటప్పుడు వాన ఎంత పడుతుందన్నదే కాక, పడితే అక్కడ ఏం దెబ్బతింటుందన్నదీ లెక్కలోకి తీసుకుంటారు.

శాఖ తన తప్పుల్ని దాచుకోదు. తుపాను దారి అంచనా ఎన్ని కిలోమీటర్లు తప్పిందో ఏటా నివేదికలో అచ్చువేస్తుంది. 24 గంటల ముందు అంచనాలో ఆ తేడా ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గిందంటే, ఏటా తప్పును కొలిచి చూసుకున్న అలవాటు వల్లే. అదే అలవాటు చిన్న ఊళ్ల ఏడు రోజుల పట్టికకూ రావాలి. భీమిలికి, నర్సీపట్నానికి, పలాసకు నెలకోసారి తెలుగులో ఒక పేజీ చాలు: ఐదో రోజు కోసం చెప్పిన మాట ఎన్నిసార్లు నిలబడింది, కొన్ని చోట్ల అన్నప్పుడు ఎన్ని చోట్ల పడింది. ఇంత కొలిచి మాట్లాడేవాళ్లకు అది పెద్ద పనేమీ కాదు. ఆ పేజీ చేతిలో ఉంటే, ఐదో రోజు గడిని చూసి వేటకు పోవాలా, చేను కోయాలా అన్నది సరంగూ రైతూ తమ లెక్కతో తామే తేల్చుకుంటారు.